ట్రాక్టరు బ్యాటరీ తీగె ఎంత కరెంటును మోయగలదు?

తెల్లవారుచుండగనే పంచాయతీ ట్రాక్టరు వీధిలోనికి వచ్చుట నేడు మన గ్రామములలో నిత్యకృత్యమైనది. 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము మూలమున రాష్ట్రములోని పన్నెండు వేలకు పైబడిన గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. చెత్త సేకరించుట, మొక్కలకు నీరు పోయుట వాని ముఖ్యమైన పనులు. అయితే పెక్కు గ్రామములలో ఆ ట్రాక్టరునకే ఒక మైకు సెట్టును బిగించి, తడి చెత్తను పొడి చెత్తను వేరుచేయుడని చెప్పుటకును, ఇంటి పన్ను గడువును, గ్రామసభ తేదీని తెలియజేయుటకును వాడుకొనుచున్నారు. పూర్వము డప్పు కొట్టి చాటిన సంగతిని నేడు బ్యాటరీ చాటుచున్నది. ఇక వినాయక నిమజ్జనము, బోనాలు, బతుకమ్మ వచ్చెనన్న రైతుల ట్రాక్టర్లపై కూడ పెద్ద పెద్ద సౌండు బాక్సులు ఎక్కును.

ఈ బ్యాటరీకిని ఆ మైకు సెట్టునకును నడుమ ఒక తీగె ఉన్నది. సెట్టు ధరను గురించి పంచాయతీ సమావేశములో గంటసేపు చర్చించువారు కూడ ఆ తీగె ఏ లావుది అని అడుగరు. మేము ఈ వ్యాసమున చెప్పదలచినది ఆ తీగెను గురించియే.

దోమకొండ గడికోటను ఎరుగనివారు మన ప్రాంతమున అరుదు. ఆ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో వారి ఆసియా - పసిఫిక్ వారసత్వ పురస్కారము లభించినది. నిజామాబాదు జిల్లాలో ఉండిన ఆ మండలము 2016 అక్టోబరు 11 నుండి కామారెడ్డి జిల్లాలోనిది. కొన్ని ఏండ్ల క్రిందట ఆ ప్రాంతమున ఒక నిమజ్జనపు ఊరేగింపులో మేము చూచిన సంగతి ఇది. ఊరి పేరు చెప్ప నక్కరలేదు. ట్రాలీ మీద విగ్రహము, విగ్రహము చుట్టును పిల్లలు, వెనుక రెండు పెద్ద సౌండు బాక్సులు. ఊరేగింపు ఊరి నడుమకు వచ్చుసరికి డ్రైవరు సీటు క్రింద నుండి సన్నగా పొగ లేచినది. మొదట అది అగరువత్తుల పొగ అనుకొన్నారు. తరువాత ప్లాస్టికు కాలిన వాసన వచ్చినది. అలంకరణకు కట్టిన ఎండు మామిడాకులు అంటుకొనునంతలో ఒక యువకుడు పరుగున పోయి దోసిళ్లతో మట్టి తెచ్చి పోసెను. పిల్లలను దింపిరి. ఎవరికిని ఏమియు కాలేదు.

మేము ఆ డ్రైవరును అడిగితిమి. అతడు చెప్పిన మాట మాకు ఇప్పటికిని జ్ఞాపకమున్నది. "గిది పన్నెండు వోల్టులే గద సార్, చేత పట్టుకున్నా ఏం గాదు." అది నిజమే. మరి ఫ్యూజు ఏమైనదని అడుగగా, "మాటిమాటికి కొట్టేస్తున్నదని రాగి పోగు చుట్టినం సార్" అని నవ్వెను. అతడు మూర్ఖుడు కాడు, ఇంజను పని చక్కగా ఎరిగినవాడు. అతని పొరపాటు ఎల్లరును చేయు పొరపాటే. కరెంటు అనిన షాకు అనియే మనకు అలవాటు. షాకు కొట్టనిది అపాయము కాదని మన నమ్మకము. పన్నెండు వోల్టుల బ్యాటరీ షాకు కొట్టదు, కాని కాల్చును. పైగా ఇంటి కరెంటు కంటె సులభముగా తీగెను కాల్చును. ఇది విచిత్రముగా తోచవచ్చును. కారణము చూతము.

వోల్టు అనగా నీటి ఎత్తు వంటిది. ఆంపియరు అనగా పారుచున్న నీటి మొత్తము వంటిది. ఒక చక్రమును త్రిప్పవలె ననుకొందము. ఎత్తైన ట్యాంకు నుండి పడు నీరైతే సన్నని ధార చాలును. చదునైన నేలపై పారు నీరైతే నిండు కాలువ కావలెను. విద్యుత్తు సంగతియు అంతే. వోల్టులను ఆంపియర్లతో గుణించినచో వాట్లు వచ్చును. 1000 వాట్ల పరికరము ఇంటిలోని 230 వోల్టుల మీద నడచునపుడు తీగెలో సుమారు 4 ఆంపియర్లు మాత్రమే ప్రవహించును. అదే 1000 వాట్లను 12 వోల్టుల బ్యాటరీ నుండి తీయవలెనన్న 83 ఆంపియర్లు కావలెను. సుమారు పందొమ్మిది రెట్లు! ఇంటి మిక్సీకి చాలిన తీగె బ్యాటరీ పనికి చాలదనుటకు ఇదియే మూలము. తీగెకు వోల్టుల బరువు తెలియదు, అది మోయునది ఆంపియర్లను.

తీగెలో విద్యుత్తు ప్రవహించునపుడు వేడి పుట్టును. ఆ వేడి ప్రవాహపు వర్గమును అనుసరించి పెరుగునని జేమ్స్ జూల్ అను శాస్త్రజ్ఞుడు 1841లో ప్రకటించెను. అనగా ఆంపియర్లు రెండింతలైన వేడి నాలుగింత లగును, మూడింతలైన తొమ్మిదింత లగును. నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగెను తీసికొందము. దాని ఒక మీటరు పొడవున 10 ఆంపియర్లు పారిన పుట్టు వేడి అర వాటు కంటె తక్కువ. చేతికి తెలియనే తెలియదు. 20 ఆంపియర్లు పారినచో 1.7 వాట్లు. 40 పారినచో 7 వాట్లకు సమీపించును. రాగికి దీనివలన కలుగు నష్టము లేదు, అది 1085 డిగ్రీల వరకు కరుగదు. ముందు చెడునది పై తొడుగు. సాధారణమైన పి.వి.సి. తొడుగు తీగెతోబాటు 70 డిగ్రీల వరకు ఓర్చుకొనును. ఆపై మెత్తబడును, తరువాత పెళుసెక్కి పగులును, ఇంకను వేడెక్కిన కరగి కాలును. కనుక "ఈ తీగె ఎంత మోయగలదు?" అను ప్రశ్నకు అర్థము, "ఎంత మోసినచో దాని తొడుగు చెడకుండును?" అనియే.

ఇంటి వైరింగు చేయువారు పాటించు పట్టిక ఒకటి ఉన్నది. పైపులో రెండు తీగెలు కలసి పోవుచు, చుట్టునున్న గాలి 40 డిగ్రీల వేడి కలిగియుండగా, రాగి తీగె 1.5 చదరపు మిల్లీమీటర్లదైన సుమారు 13 ఆంపియర్లను, 2.5 దైన 18ని, 4 దైన 24ను, 6 దైన 31ని, 10 దైన 42ను, 16 దైన 57ను మోయగలదు. అయితే వాహనముల సౌండు సామగ్రి అమ్ము దుకాణమున వేరొక పట్టికను చూపుదురు. అందులో నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగెకు 50 ఆంపియర్ల వరకు వ్రాసియుండును. ఏది నిజము? రెండును నిజములే. రెండవ పట్టికలోని తీగెకు 105 డిగ్రీలను తట్టు ప్రత్యేకమైన తొడుగు ఉండును, అది ఒంటరిగా గాలిలో పరచబడి యుండును. మన ఊరి దుకాణమున దొరకు ఇంటి తీగెను తెచ్చి, ఆ రెండవ పట్టికను నమ్ముటలోనే ప్రమాదము.

మన ట్రాక్టరు మీద గాలి 40 డిగ్రీలును ఉండదు. వేసవిలో 44, 45 డిగ్రీలను తాకు ప్రాంతము మనది. దానికి తోడు ఇంజను వేడి. బ్యాటరీ నుండి ఇంజను ప్రక్కగా పోవు తీగె చుట్టును 60 డిగ్రీలున్నచో 70 డిగ్రీల తొడుగునకు మిగిలిన అవకాశము పది డిగ్రీలే. లెక్క కట్టిన 24 ఆంపియర్ల తీగె అచట 14 ఆంపియర్ల తీగె యగును. మిగిలిన తీగెను కోయుట ఇష్టములేక చుట్టలు చుట్టి సీటు క్రింద పెట్టుట మనవారికి మిక్కిలి అలవాటు. ఆ చుట్టలో ప్రతి వరుసయు ప్రక్క వరుసను వేడిచేయును. వేడి పోవుటకు దారి యుండదు. మేము చూచిన పొగ అట్టి చుట్ట నుండి లేచినదే.

వేడిని గురించి భయము లేకపోయినను, సన్నని తీగె మరియొక నష్టము చేయును. దీనిని పంచాయతీవారు తరచుగా మైకు సెట్టు లోపమని పొరబడుదురు. బ్యాటరీ నుండి ట్రాలీలోని సెట్టు వరకు ఆరు మీటర్ల దూర మనుకొనిన, పోవుటకును వచ్చుటకును కలిపి పన్నెండు మీటర్ల తీగె. నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగెలో 20 ఆంపియర్లు పారినచో దారిలోనే ఒక వోల్టు పోవును. ఇంటిలో 230 నుండి ఒక వోల్టు పోయిన ఎవరికి తెలియును? పన్నెండింటి నుండి ఒకటి పోవుట పంటలో పన్నెండవ వంతు పోవుటయే. ధ్వని చీలును, పలుకు స్పష్టముగా వినరాదు. సెట్టు చెడినదని మరమ్మతునకు పంపుదురు, అచట అది చక్కగా పలుకును! తీగెను పది చదరపు మిల్లీమీటర్లకు మార్చిన ఆ నష్టము 0.4 వోల్టునకు దిగును.

ఇక ఫ్యూజు సంగతి. ఫ్యూజు మైకు సెట్టును రక్షించుటకని చాలమంది తలంతురు. సెట్టు లోపల దాని ఫ్యూజు దానికి ఉండును. బ్యాటరీ వద్ద పెట్టు ఫ్యూజు తీగెను రక్షించుట కొరకు. ట్రాక్టరు కదలునపుడు తీగె ఇనుప అంచునకు ఒరసికొని, తొడుగు చిరిగి, రాగి ఇనుమును తాకిన దనుకొందము. ట్రాక్టరు దేహమంతయు బ్యాటరీ మైనస్ ధ్రువమునకు కలిపియున్నది గనుక ఇక అడ్డు లేదు. మంచి బ్యాటరీ ఆ నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగెలోనికి 200 ఆంపియర్లను సునాయాసముగా పంపును. మీటరు తీగెలో 170 వాట్ల వేడి పుట్టును. పది సెకనులలోపల తొడుగు కరగును. సెట్టు ఆపివేసినను ప్రయోజనము లేదు, ఏలనన కరెంటు సెట్టు వరకు పోవుటయే లేదు. సెట్టులోని ఫ్యూజు చల్లగా కూర్చుండును.

కనుక ఫ్యూజు ఉండవలసిన చోటు బ్యాటరీ ప్లస్ ధ్రువమునకు జానెడు దూరమున, ఎంత తప్పనిసరియైనను మూరెడు దాటకుండ. ధ్రువమునకును ఫ్యూజునకును నడుమ నున్న ముక్కకు ఏ రక్షణయు లేదు గనుక ఆ ముక్క ఎంత చిన్నదైన అంత మేలు. ఫ్యూజు విలువ సెట్టు తీసికొను ఆంపియర్ల కంటె కొంచెము హెచ్చుగను, తీగె మోయగల ఆంపియర్ల కంటె తక్కువగను ఉండవలెను. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదన్న తీగె ఎచటనో ఒరసికొనుచున్నదనియో, సెట్టు భారము తీగెకు మించినదనియో అది చెప్పుచున్నది. ఆ నోరు మూయుటకే రాగి పోగును చుట్టుదురు, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమును పెట్టుదురు. వాహనములలో వాడు ప్లాస్టికు ఫ్యూజులకు రంగులు ఒక క్రమములో నున్నవి. ఎరుపు 10 ఆంపియర్లు, నీలము 15, పసుపు 20, ఆకుపచ్చ 30. నీలము ఉండవలసిన చోట ఆకుపచ్చ కనబడిన ఎవరో తొందరపడిరని చదువురాని వారు కూడ కనిపెట్టవచ్చును.

కొనుగోలును గురించి కొంచెము విపులముగా చెప్పవలసి యున్నది, ఏలనన పంచాయతీ ధనము వ్యర్థమగునది ఇచటనే. సౌండు సామగ్రి తీగెలను గేజి సంఖ్యతో అమ్ముదురు. ఈ గేజి రెండు విధములు, అమెరికా గేజి ఒకటి, ఇంగ్లండు గేజి మరియొకటి. రెండింటను సంఖ్య తగ్గినకొలది తీగె లావగును, కాని కొలతలు వేరు. ఎనిమిదవ నంబరు అమెరికా లెక్కలో సుమారు 8 చదరపు మిల్లీమీటర్లు, ఇంగ్లండు లెక్కలో సుమారు 13. మన పాత వైర్‌మన్‌లు చెప్పు 3/20, 7/20 అను మాటలు ఇంగ్లండు గేజికి చెందినవి. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండవది పోగు గేజి. కనుక గేజి మాట విడిచి చదరపు మిల్లీమీటర్లు అడుగుట ఉత్తమము. అడిగిన తరువాత పోగులను లెక్కించి చూడవచ్చును. 0.3 మిల్లీమీటరు పోగులతో చేసిన మెత్తని తీగె 2.5 చదరపు మిల్లీమీటర్లదైన 36 పోగులు, 4 దైన 56, 6 దైన 84 ఉండును. తొడుగు లావును చూచి మోసపోరాదు. లావు తొడుగులో సన్నని రాగిని దాచుట సులభము.

రాగి రంగున్నదంతయు రాగి కాదు. అల్యూమినియము పోగుపై రాగి పూత పూసిన తీగె బజారున విరివిగా దొరకుచున్నది. అది అబద్ధపు సరుకనుట సరికాదు, పేరు చెప్పి అమ్మిన దాని ఉపయోగము దానికున్నది. కాని అది రాగితో పోల్చిన సుమారు మూడింట రెండు వంతులే విద్యుత్తును పోనిచ్చును. పైగా ఎక్కువ సార్లు వంచిన విరుగును. ఒక పోగును బ్లేడుతో గీకినచో లోపల తెలుపు కనబడును. బరువును బట్టియు తెలియును. నాలుగు చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి, తొడుగు గాక, వంద మీటర్లకు మూడున్నర కిలోలకు పైగా తూగును. పూత తీగె అందులో సగమైనను తూగదు.

సెట్టుపై వ్రాసిన వాట్లను కూడ నమ్మరాదు. జేబు పుస్తకమంత పెట్టెపై 5000 వాట్లని వ్రాయుదురు. దాని వెనుకనున్న ఫ్యూజును చూడుడు. అది 30 ఆంపియర్లదైన, ఇంజను నడచునపుడు బ్యాటరీ వద్ద ఉండు 13.8 వోల్టులతో గుణించిన, అది తీసికొనునది 414 వాట్లు. ధ్వనిగా మారునది అంతకంటెను తక్కువ. తీగెను నిర్ణయించుటకు పెట్టెపై అంకె కాక వెనుకనున్న ఫ్యూజు విలువయే ఆధారము.

అతుకుల విషయము ఒక్క లెక్కతో తేలును. రెండు తీగెలను మెలిపెట్టి టేపు చుట్టిన చోట 0.02 ఓము నిరోధము ఏర్పడిన, 30 ఆంపియర్లు పారునపుడు ఆ ఒక్క చోట 18 వాట్ల వేడి పుట్టును. రేడియో మరమ్మతు చేయువాని సోల్డరింగు ఇనుము 25 వాట్లది! కనుక దారిలో అతుకు ఉండరాదు. కొసలకు లగ్గులను నొక్కి బిగింపవలెను. మైనస్ తీగెను మిగిల్చుటకై ట్రాలీ ఇనుమును వాడుట కొందరి అలవాటు. ట్రాలీని ట్రాక్టరునకు కలుపు పిన్ను తుప్పుతోను గ్రీజుతోను నిండియుండును, కుదుపునకు కదలును, అచట నిప్పురవ్వలు లేచును. రెండు తీగెలును ఒకే లావున బ్యాటరీ వరకు రావలెను. ఇనుప రంధ్రము గుండ పోవుచోట రబ్బరు వలయము వేయవలెను, అంతయు గరుకు పైపులో నడిపి, ట్రాలీ మలుపు తిరుగునపుడు లాగబడకుండ కొంచెము వదులు విడువవలెను.

ఇక ఒక పంచాయతీకి ఏమి కావలెను? చాటింపునకు రెండు హారనులతో అరువది వాట్ల నిజమైన సెట్టు చాలును. అది 10 ఆంపియర్లకు మించి తీసికొనదు. ఆరు మీటర్ల దూరమునకు నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగె వేసి, ఇంజను ప్రక్కకు పోనీయక దూరముగా నడిపి, 15 ఆంపియర్ల నీలి ఫ్యూజును పెట్టిన ఏండ్ల తరబడి చింత ఉండదు. వోల్టు నష్టము అర వోల్టు మాత్రమే.

ఊరేగింపు సెట్టు వేరు. 30 ఆంపియర్ల ఫ్యూజు గల ఆంప్లిఫయర్లు రెండున్నచో 60 ఆంపియర్లు. దానికి 25 చదరపు మిల్లీమీటర్ల తీగె కావలెను, అది లావుగా ఉండును, ఖరీదును అట్లే ఉండును. తీగె కొన్నను పని తీరదు. చాల ట్రాక్టర్ల ఆల్టర్నేటరు ఇచ్చునది 40 ఆంపియర్లకు అటునిటు. మిగిలినది బ్యాటరీ నుండి తరుగుచు, చెరువు గట్టునకు చేరుసరికి ట్రాక్టరు మరల స్టార్టు కాదు. అంతటి సెట్టునకు జనరేటరును అద్దెకు తెచ్చుట మేలని మా అభిప్రాయము. అదే భారము 230 వోల్టుల మీద మూడు నాలుగు ఆంపియర్లకు సరిపోవును. అయితే అపుడు షాకు భయము వచ్చును గనుక 30 మిల్లీ ఆంపియర్లకే తెగు రక్షక స్విచ్చి గల జనరేటరునే అంగీకరింపవలెను. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు లౌడు స్పీకర్లను 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమములు నిషేధించుచున్నవి. ఆ సంగతి ఎరిగియు ఎరుగనట్లుండు పెద్దలు ప్రతి ఊరను ఉన్నారు, దానిని గురించి మరియొకమారు వ్రాయుదుము.

పండుగకు వారము ముందు పంచాయతీ కార్యదర్శియు, ఒకరిద్దరు సభ్యులును ట్రాక్టరు వద్ద నిలిచి, సెట్టును అరగంట సేపు నిండు ధ్వనితో నడిపించి, ఆపిన వెంటనే తీగెను, అతుకులను, ఫ్యూజు పెట్టెను చేతితో తడవి చూడవలెను. గోరువెచ్చగా ఉన్న ఫరవాలేదు. చేయి నిలుపలేనంత వేడిగా ఉన్న ఆ తీగె ఊరేగింపునకు పోరాదు. కొత్తది కొనునపుడు తీర్మానములో "మైకు వైరు" అని మాత్రము వ్రాయక, "రాగి తీగె, ఇన్ని చదరపు మిల్లీమీటర్లు, ఇన్ని మీటర్లు, బ్యాటరీ వద్ద ఇన్ని ఆంపియర్ల ఫ్యూజుతో" అని వ్రాయించినచో, సరుకు వచ్చిననాడు పోగులను లెక్కించుటకు ఒక ఆధారము చేతిలో నుండును.